అత్తగారి బొట్టు

హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. వయసులో ఉన్నప్పుడు కొండదారుల్లో ర్యాలీ కార్లు నడిపి, తర్వాత పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠం చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఎవరైనా వచ్చి "ఇదెందుకండీ ఇలా?" అంటే చేతిలో స్పానర్ పెట్టి "విప్పి చూడు" అనేవారు. అందుకే ఆవిడకి అభిమానులు ఎక్కువ, శిష్యులు తక్కువ.

ఆ తక్కువమందిలో సునంద ఒకతి. బెజవాడ అవతల విమానాలు దిగడం మానేసి పాడుబడ్డ రన్‌వే ఒకటుంది. దసరా వెళ్లాక వచ్చే ఆదివారం అక్కడ సరదారాయుళ్లందరూ చేరి కార్ల పందెం పెట్టుకుంటారు. ఆ పొద్దున పందెం మొదలయ్యే ముందు సునంద ఉడికిపోతూ వచ్చి గురువుగారి ఎదుట నిలబడింది.

"టీచరు గారూ, ఇంకెంత పెద్ద దీపం పెట్టమంటారు నన్ను?"

హైమవతి గారు పందెం చూడ్డానికొచ్చి దారి పక్కన మడత కుర్చీలో కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. "ముందు పందెం కానీ," అన్నారు.

ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక చాలా రామాయణం ఉంది. సునంద పనిచేసే కారు డాక్టర్ ఉదయభాస్కర్‌ది. ఆయన పళ్ల డాక్టరు. వారమంతా ఊళ్లోవాళ్ల పళ్లు తీసి, ఆదివారం తన పాత కారు ప్రాణం తీసేవాడు. ఆయన బావమరిది శేషగిరిది బట్టల కొట్టు, ఇక్కడ రెండో డ్రైవరు. ఇంజన్ మంచిచెడ్డలు సునందవి. ఆ ఇంజన్‌కి వయసు మీదపడి ఆయిల్ తాగడం అలవాటైంది. ఆయిల్ బాగా తగ్గిందంటే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజన్ పట్టేస్తుంది. మంచి వేగంలో పట్టేసిందా, చక్రాలు బిగుసుకుపోయి కారు ఎటు తిరగబడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆయిల్ తగ్గగానే వెలిగేలా డ్రైవరు కళ్లెదుట ఒక ఎర్ర దీపం బిగించింది సునంద.

ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా ఉన్న కాస్త ఆయిలూ ఒక పక్కకి ఒరిగి ఆ దీపం మిణుక్కుమనేది. నాలుగు వారాలు చూసి మగమహారాజులిద్దరూ దానికి "అత్తగారు" అని పేరు పెట్టారు. "అత్తగారు మళ్లీ సణుగుతోంది బావా!" అనేవాడు శేషగిరి. డాక్టరుగారి అసలు అత్తగారు శేషగిరి కన్నతల్లే. అయినా అందరికంటే గట్టిగా నవ్వేది వాడే. సునంద పట్టు వదలకుండా కూతపెట్టే బజర్ బిగించింది. డాక్టరు అందులో ఆస్పత్రి దూది కుక్కాడు. దీపాన్ని రూపాయి బిళ్లంత చేసింది. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. శేషగిరి స్టీరింగుకీ గేరుకీ చక్రాలకీ బొట్లు పెట్టి, "ఆవిడకి పెట్టకపోతే అలుగుతుంది" అంటూ తడి కుంకుమ తీసి దీపం నిండా మెత్తాడు. అది ఎండి పెచ్చు కట్టింది.

సునంద తుడవబోయింది. "పూజ చేసిన బొట్టు తుడుస్తావా? అపశకునం!" అని బావా బావమరిదీ ఒక్క గొంతుతో అరిచారు. ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఎంత ఇంజనీరింగు చదివినా ఆ చెయ్యి మన ఇళ్లల్లో పెరిగిన చెయ్యే కదా. పైగా ఆ రోజు గట్టిగా మాట్లాడలేని ఇబ్బంది ఇంకొకటుంది. రాబోయే పందెంలో ముగ్గురూ వంతులవారీగా నడపాలనుకున్నారు, ఆఖరి వంతు సునందది. ఎన్నాళ్లనుంచో అడగ్గా అడగ్గా డాక్టరు ఒప్పుకున్నాడు. ఆమె కొత్త హెల్మెట్ కూడా కొనుక్కుంది.

పందెం మొదలైంది. మొదటి వంతు డాక్టరుది. ఆయన నిజంగానే బాగా తోలాడు, కారు రెండో స్థానంలో ఉంది. అయితే కాసేపటికి ఎడమ మలుపులో కారు వెనక నీలంగా పొగ కనిపించింది. ఆయిల్ కాలితే వచ్చే పొగ అది. సునంద పలక మీద "ఆయిల్" అని పెద్దక్షరాలతో రాసి దారి పక్కన నిలబడి చూపించింది. డాక్టరు ఊరేగింపులో పెళ్లికొడుకులా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మళ్లీ చూపించింది, ఆయన మళ్లీ ఊపాడు.

వంతు మారడానికి కారు దారి పక్కకి వచ్చి ఆగింది. ఇంజన్ ఆపకుండానే డాక్టరు దిగాడు, శేషగిరి ఎక్కాడు.

"డాక్టరు గారూ, ఆపండి. ఆయిల్ చూడాలి," అంది సునంద.

"ఇప్పుడా? రెండో స్థానంలో ఉన్నామమ్మాయ్! మొదటివాడు అదిగో, కనబడుతున్నాడు."

"దీపం వెలిగిందా?"

"అత్తగారా? బొట్టు పెట్టించుకుని బుద్ధిగా కూర్చుంది. పొద్దుట్నుంచీ ఒక్క మాట అంటే ఒట్టు." బావా బావమరిదీ నవ్వుకున్నారు. తర్వాత డాక్టరు కాస్త గొంతు తగ్గించి, "నీ వంతు ఇంకా ఉంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పు," అన్నాడు.

ఆ హెల్మెట్ పెట్టుకుని ఆ సీట్లో కూర్చోవడం కోసం ఎన్ని ఆదివారాలు గ్రీజులో మునిగిందో సునందకే తెలుసు. సాయం చేస్తారేమోనని గురువుగారి వైపు చూసింది.

"మీరైనా చెప్పండి టీచరు గారూ. నా మాట ఎవరు వింటారు?"

హైమవతి గారు ఒడిలోంచి వేరుశనగ తొక్కలు దులుపుకున్నారు.

"ఏమే, నిన్ను బొట్టు పెట్టి పిలవాలా?"

ఆ మాట సునందకి సూటిగా తగిలింది. మరి ఎవరి వైపూ చూడలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, బొటనవేలితో బరబరా ఆ బొట్టు గీకేసింది. కింద దీపం నిప్పులా వెలుగుతోంది. అక్కడ మలుపూ లేదు, ఒరగడమూ లేదు. కారు నేల మీద తిన్నగా నిలబడి ఉంది.

"అయ్యయ్యో, బొట్టు!" అన్నాడు శేషగిరి. దీపం గురించి ఏమీ అనలేదు.

కారు ముందద్దం కింద బయటి వైపు ఒక ఎర్ర మీట ఉంటుంది. ప్రమాదమేదైనా జరిగితే బయటివాళ్లు ఇంజన్ ఆపడానికి పెట్టింది. సునంద దాన్ని తిప్పి, ఊడబెరికి పిడికిట్లో పెట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది.

"నీకేమైనా పిచ్చా? ఇటివ్వు!" డాక్టరు మీదికొచ్చాడు.

"ఇవ్వను. ఆయిల్ చూసేదాకా ఈ బండి ఇక్కడినుంచి కదలదు. కావాలంటే తోసుకుంటూ వెళ్లండి పందేనికి."

బానెట్ ఎత్తింది. పైనున్న కాస్త ఆయిలూ కిందికి దిగేదాకా ఆగింది. ఆ ఆగడంలో ఒక్కో కారే వాళ్లని దాటిపోతుంటే డాక్టరు ప్రతిదాన్నీ చూపించి తిట్టాడు. సునంద ఆయిల్ కొలిచే పుల్ల తీసి, తుడిచి, ముంచి, పైకెత్తి అందరికీ చూపించింది. చివర కూడా తడి లేదు. ఆయిల్ డబ్బా తెచ్చి నింపింది, మీట తిరిగి బిగించింది. శేషగిరి బయల్దేరాడు, ఈసారి నవ్వకుండా.

కారు కిందినుంచి లెక్కపెడితే తొందరగా దొరికే స్థానంలో పందెం ముగించింది. సునంద వంతు కూడా డాక్టరు శేషగిరికే ఇచ్చేశాడు. ఇంజన్ చివరిదాకా గొంతు మారకుండా పాడింది. చిక్కంతా అక్కడే వచ్చింది. పేలి ముక్కలైన ఇంజన్ని అందరూ చుట్టూ చేరి చూస్తారు, పేలకుండా మిగిలినదాన్ని ఎవరు చూస్తారు?

"చూశావా, శుభ్రంగా ఉంది ఇంజన్! ఏమైంది దానికి?" అన్నాడు డాక్టరు. "చేతికొచ్చిన కప్పు నేలపాలు చేశావు. వచ్చే ఆదివారం నుంచి రావక్కర్లేదు."

"సరేనండీ, రాను," అంది సునంద. "కానీ ఆ దీపం మీద మళ్లీ బొట్టు పెట్టారని తెలిస్తే, పిలవకపోయినా వచ్చి తుడుస్తాను."

శేషగిరి కారు దగ్గర వంగి, బజర్‌లోంచి దూది పీకుతూ ఇటు తల తిప్పలేదు.

సునంద కొత్త హెల్మెట్ చంకలో పెట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చి నేల మీద కూలబడింది. ఎండకి మొహమంతా చెమట. ఎప్పుడో ఆ చేత్తోనే తుడుచుకున్నట్టుంది, బొటనవేలి కుంకుమ నుదుటి నిండా పూసుకుపోయింది.

"ఏమిటే ఆ మొహం?" అన్నారు హైమవతి గారు.

సునంద నుదురు తడుముకుని, చేతికంటిన ఎరుపు చూసుకుని, చున్నీతో తుడుచుకోబోయింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ఆమెని తల నుంచి కాళ్లదాకా ఓసారి చూశారు.

"ఉండనీ. పొద్దున అడిగావుగా, ఎంత పెద్ద దీపం పెట్టాలని. ఇంత."