రెండు గట్లూ ఒక్క కుండా

ఏ పటంలోనూ వెతక్కండి, దొరకదు గానీ, ఒకానొక రాజ్యం ఉండేది. దాని నడిమధ్య నుంచి ఒక పెద్ద ఏరు పారేది. రాజుగారి కడుపున పుట్టినంత మాత్రాన అక్కడ ఎవడూ రాజైపోడు. ఐదేళ్ళకోసారి పిక్కల తీర్పు జరగాల్సిందే. మనిషికి రెండేసి చింతపిక్కలు ఇస్తారు, ఒకటి పొట్టుతో నల్లగా ఉన్నది, ఇంకొకటి పొట్టు వలిచి తెల్లగా చేసింది. రాజు ఉండాలనుకుంటే నల్లది, దిగిపోవాలనుకుంటే తెల్లది, గుడ్డ కప్పిన కుండలో పిడికిలి పెట్టి వదలాలి. మిగిలిన పిక్కను ఏట్లో పారెయ్యాలి. ఎవరు ఏది వేశారో కుండకు తెలియాలి, ఏటికి తెలియాలి, అంతే.

ఆ రోజుల్లో గద్దె మీదున్నవాడు మార్తాండరాయుడు. అబ్బో, ఆయన దర్జా చెప్పనలవి కాదు! ఆయన దగ్గినా తుమ్మినా పక్కనున్న భట్టు ఒక బిరుదు చదవాల్సిందే. ఒక్క బిరుదు తప్పిపోయిందా, భట్టు కొలువు ఊడినట్టే.

గద్దె నిలుపుకోవడానికి రాయుడు ఒక కిటుకు కనిపెట్టాడు. తూర్పు గట్టుకు వెళ్ళి, "పడమటి వాళ్ళు దొంగలు. మీ నీళ్ళు మళ్ళించుకుపోతారు. నేను లేకపోతే మీ గతేమిటి?" అనేవాడు. పడమటి గట్టుకు వెళ్ళి, "తూర్పు వాళ్ళు దొంగలు. మీ పశువుల్ని తోలుకుపోతారు. నేను అడ్డంగా ఉన్నాను కాబట్టి సరిపోయింది" అనేవాడు. జనం నమ్మారు. నమ్మకేం చేస్తారు పాపం, చెప్పేది రాజాయె! చివరికి అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు రాకుండా పడవలు కూడా ఆపించేశాడు. పడవలన్నీ గట్ల మీద బోర్లా పడి ఎండిపోతున్నాయి.

ఆ కొలువులో రాజును నవ్వించే ఉద్యోగం బయ్యనది. ఆయన ఇల్లు తూర్పు గట్టున. ఒక్కగానొక్క కూతురు మల్లాంబను పడమటి గట్టుకిచ్చాడు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పుకు పుట్టింటికి తెచ్చుకుందామంటే పడవ లేదు.

"కన్నకూతుర్ని ఇంటికి తెచ్చుకోలేనివాడివి, వెళ్ళి రాజుగారిని నవ్వించు, ఫో!" అని భార్య గుమ్మంలోనే కడిగేసింది. బయ్యనకు అన్నం సహించలేదు.

ఆ రోజే కొలువులో చేతులు కట్టుకుని, "ప్రభూ, ఒక్క పడవ వదలండి. మా అమ్మాయిని తెచ్చుకుంటాను" అని వేడుకున్నాడు.

రాయుడు మీసం దువ్వి నవ్వాడు. "పిచ్చివాడా! ఒక్క పడవ వదిలితే భయం పోతుంది. భయం పోతే నల్లపిక్క పోతుంది. వచ్చే పౌర్ణమికే తీర్పు, తెలుసుగా!"

బయ్యనకు ఒళ్ళు మండింది. కానీ నవ్వించేవాడి ముఖాన కోపం కనపడకూడదు కదా. తల గోక్కుంటూ, "అదే ప్రభూ, నా బాధ కూడా. ఎప్పుడూ తూర్పున ఒక కుండ, పడమట ఒక కుండ. తమంతటి వారికి అక్కడ సగం జయం, ఇక్కడ సగం జయమా? ఏటి నడుమ లంక ఉండనే ఉంది. రెండు గట్ల జనం ఒక్కచోట, ఒక్కటే కుండ! ఆ జేజేలు ఏ రాజు విన్నాడు?" అన్నాడు.

మంత్రి ఏదో అనబోయాడు. రాయుడు చెయ్యెత్తి ఆపేశాడు.

"భేష్! మా మనసులో మాట చెప్పావు. ఆ ఒక్క రోజుకు పడవలు నడవనీ."

"ఒకవేళ తెల్లవి ఎక్కువైతేనో ప్రభూ?"

కొలువంతా బయ్యన తల వంక చూసింది. రాయుడు పగలబడి నవ్వాడు. "అయితే కిరీటం దించే ముందు నేనిచ్చే చివరి వరం నీదే. కాకపోతే మాత్రం నీకు గుండు గొరిగించి గాడిద మీద ఊరేగిస్తా!"

పౌర్ణమి వచ్చింది. పడవలు నీళ్ళలోకి దిగాయి. లంక మీద తూర్పు వాళ్ళొక వైపు, పడమటి వాళ్ళొక వైపు నిలబడ్డారు. నడుమ ఇసుక ఖాళీగా ఉంది. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడరు. ఏ తుంటరి చేతిలోంచైనా ఒక్క రాయి లేస్తే ఏమవుతుందోనని బయ్యన అందరి చేతుల వంకే చూడసాగాడు. ఎంత పని చేశానురా భగవంతుడా అనుకున్నాడు.

రాయుడు ఎత్తైన పీఠమెక్కాడు. భట్టు గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏ గట్టు మీద చదివే బిరుదులు ఆ గట్టు మీద చదివేవాడు. ఇవాళ రెండు గట్లూ ఎదురుగా ఉన్నాయి. ఏది వదిలినా కొలువు ఊడుతుంది. అందుకని పాపం, అన్నీ చదివేశాడు.

"తూర్పు గట్టు ప్రాణదాతా! పడమటి దొంగల పాలిటి పిడుగా! పడమటి గట్టు ప్రాణదాతా! తూర్పు దొంగల పాలిటి పిడుగా!"

రెండు వైపుల వాళ్ళూ మొదటిసారి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

పడమటి వైపు నుంచి ఒక ముసలమ్మ నెమ్మదిగా ముందుకొచ్చింది. "ఏం నాయనా, మీకూ ఇదే చెప్పాడా?" అని ఎదుటి రైతును అడిగింది.

"ఇదే అవ్వా. దొంగలు మీరన్నాడు."

"మాకు మీరన్నాడయ్యా!"

రాయుడు లేచాడు. కుడివైపు తిరిగి నోరు తెరిచాడు. ఎడమవైపు చూసి మూశాడు. "ప్రజలారా..." అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పగల మాట ఆయన దగ్గర ఒక్కటి కూడా లేదు.

ఇంతలో ఎవరో, "వదినా! ఇంతలా చిక్కిపోయావేమే!" అంటూ ఖాళీ ఇసుక దాటి పరిగెత్తింది. ఆమె వెనక మరొకరు, ఇంకొకరు. కాసేపటికి ఎవరు ఏ గట్టు వాళ్ళో చెప్పడం రాజుగారి తరం కూడా కాలేదు.

అందరూ కుండ ముందు బారులు తీరారు. ఆ బారులో మల్లాంబ కనిపించింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతోంది. తూర్పు గట్టు ఆడవాళ్ళే పక్కకు తప్పుకుని, "నువ్వు ముందు పోమ్మా" అన్నారు. బయ్యన కళ్ళు చెమర్చాయి. ఆమె గుడ్డ కింద పిడికిలి పెట్టి తీసింది, రెండో పిక్కను ఏట్లోకి విసిరేసింది.

అరుపుల్లేవు, కత్తుల్లేవు. కుండలో పిక్క పడ్డ చిన్న చప్పుడు, మళ్ళీ ఇంకో చప్పుడు, అంతే. బయ్యన జీవితమంతా మాటలమ్ముకుని బతికినవాడు. ఒక్క మాటా లేకుండా ఇంత జనం ఇంత పెద్ద మాట అనగలరని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పొద్దు వాలాక కుండను పరిచిన పంచె మీద బోర్లించారు. అక్కడక్కడ నలుపు, మిగతాదంతా తెలుపే.

రాయుడు ఎర్రబడ్డ కళ్ళతో, "సేనాపతీ!" అని గర్జించాడు.

సేనాపతి తలవంచి, "నేనూ పిక్క వేసినవాణ్ణే ప్రభూ" అన్నాడు. చెయ్యి కత్తి మీదికి పోలేదు. ఎవరూ కదల్లేదు. కోటలూ ఏనుగులూ ఉన్న రాజు గుప్పెడు చింతపిక్కల ముందు ఒంటరిగా నిలబడ్డాడు.

"ఏం చేశావురా బయ్యనా!"

"నేనేం చేశాను ప్రభూ? తమరు రెండుచోట్ల చెప్పిన మాటల్ని ఒక్కచోట వినిపించాను. అవి నిజమైతే ఇక్కడ కూడా నిలిచేవి కదా!"

రాయుడు ఆయన వంక చూశాడు. తర్వాత భట్టును చూశాడు, పంచె మీది తెల్లటి కుప్పను చూశాడు. తన బిరుదులే తనను దించాయని తెలిసొచ్చింది. మెల్లగా మొదలైన నవ్వు పొట్ట చెక్కలయ్యేదాకా వచ్చింది. భట్టు అలవాటు కొద్దీ నోరు తెరవబోతే, "ఇంక చాల్లే నాయనా, నీ పుణ్యముంటుంది!" అన్నాడు. జనం కూడా నవ్వారు.

"మాటిచ్చాను. చివరి వరం కోరుకో బయ్యనా."

"ఈ పడవలు మళ్ళీ బోర్లా పడకూడదు ప్రభూ."

"అలాగే" అని రాయుడు తన చేత్తోనే కిరీటం తీసి కుండ పక్కన పెట్టాడు. మెళ్ళో హారం తీసి బయ్యన మెళ్ళో వేశాడు.

తూర్పు గట్టుకు తిరుగు పడవ కిక్కిరిసిపోయింది. కోట తూర్పునే కాబట్టి రాయుడూ అదే ఎక్కాల్సి వచ్చింది. మల్లాంబ ఆయన పక్కన చతికిలబడి, "కాస్త జరగండి బాబాయ్, కాళ్ళు చాపుకోవాలి" అంది. రాయుడు జరిగాడు.

ఏటి నడిమికి వచ్చాక, "అమ్మాయ్, నువ్వు ఏ పిక్క వేశావు?" అని మెల్లగా అడిగాడు. బయ్యన కూడా చెవులు రిక్కించాడు.

మల్లాంబ నవ్వింది. "అది నాకూ కుండకూ మధ్య మాట బాబాయ్" అంది.

రాయుడు అంతకుముందు ఎవరి ముందూ వంచని తల వంచి, ఆమె కాళ్ళకు అడ్డంగా ఉన్న మూటను తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.