నల్లమ్మ నోటి ముద్ద

ఇప్పచెట్ల కొండ మీద తేనెపట్టు కనబడితే ఎలుగుబంటి నల్లమ్మకు కాళ్ళు నిలిచేవి కావు. ఆ తీపికే ఆమె దవడపన్ను పుచ్చింది. ఎండాకాలంలో చిగురు చీముపట్టి, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చింది. కూనను వీపున ఎక్కించుకుని, మూలుగుతూ ఏదుపంది ముళ్ళయ్య బొరియకు వెళ్ళింది. ఆ కొండకంతటికీ వైద్యుడు అతనే.

ముళ్ళయ్య చేదు బెరడు కట్ట ఒకటి ఇచ్చాడు.

"పంటి సందుల్లో కంటికి ఆనని పురుగులు చేరాయమ్మా. కట్టంతా అయ్యేదాకా నములు. నొప్పి పోయింది కదా అని మధ్యలో ఆపకు."

కొద్దిరోజులకే వాపు దిగింది. ఇప్పపూలు ఏరుకుంటుంటే నక్క జిత్తయ్య ఎదురొచ్చాడు.

"మొహం తేటపడిందే అక్కా. ఇంకా ఆ చేదే నములుతున్నావా?"

"కట్టంతా అవగొట్టమన్నాడు తమ్ముడూ."

"అనక ఏం చేస్తాడు? రోగం కుదిరితే వైద్యుణ్ణి ఎవరు పలకరిస్తారు? లేని నొప్పికి మందేమిటి. మిగిలింది నాకివ్వు, మంచి తేనెపట్టు చూపిస్తా."

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, నల్లమ్మ మిగిలిన బెరడు అతని ముందు పడేసింది. జిత్తయ్య దాన్ని తుంచి, జలుబు చేసిన కోతికో ముక్క, కడుపుబ్బిన కుందేలుకో ముక్క ఇచ్చి, బదులుగా వాళ్ళ తిండి గుంజుకున్నాడు. గొంతు గరగరలాడినప్పుడల్లా తనూ కాస్త చప్పరించాడు.

వానలు పడ్డాక నల్లమ్మ దవడ మళ్ళీ సలిపింది. ఓర్చుకుంది. ఎలుగు తల్లులందరిలాగే వెలగపండు, తేనె నమిలి, ఆ నోటి ముద్దే కూనకు పెట్టేది. ఒకనాడు కూన ముద్ద మింగలేకపోయింది. చిగుళ్ళు వాచాయి, ఒళ్ళు కాలిపోతోంది.

ముళ్ళయ్య తల్లికీ బిడ్డకీ బెరడు నమిలించాడు. వాపు తగ్గలేదు. మోతాదు పెంచాడు. తగ్గలేదు.

"పోయినసారి పనిచేసిందిగా ముళ్ళయ్యా?"

"పోయినసారి కట్ట పూర్తి చేశావా?"

నల్లమ్మ తల దించుకుని నక్క సంగతి చెప్పింది. ముళ్ళయ్య ఆమె నోరు తెరిపించి చిగుళ్ళు చూశాడు.

"మెతక పురుగులు ముందు చస్తాయమ్మా, మొండివి చివర్న. మొండివి మిగిలాక నువ్వు ఆపేశావు. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే, ఈ చేదుకు బెదరవు. నీ ముద్దతో బిడ్డ నోట్లోకీ వెళ్ళాయి."

"ఇంకో మందు?"

"నాకు తెలిసింది ఇదొక్కటే తల్లీ."

ఇంటికొచ్చాక కూన అడిగింది, "అమ్మా, ముద్ద పెట్టవా?"

నల్లమ్మ నోట్లో పండు ఉంది. నమలబోయి ఆగింది. దాన్ని ఉమ్మేసి, మరో పండు రాతి మీద చితక్కొట్టి పెట్టింది. కూన వాసన చూసి, మొహం తిప్పుకుంది. "ఇది నీ ముద్ద కాదు" అంది.

వాన వెలిసేలోపు ఊపిరి ఆగి ఆ చిన్న ఒళ్ళు చల్లబడింది.

తర్వాత జిత్తయ్య ముళ్ళయ్య దగ్గరకు చేరాడు, దవడ గుమ్మడికాయంత వాచి ఉంది. "అప్పుడప్పుడు కాస్త చప్పరిస్తే తగ్గడంలేదు, ఇంకా బెరడు ఇవ్వు మామా" అన్నాడు, మాట సరిగా పెగలక.

"కావలసినంత తీసుకో," అన్నాడు ముళ్ళయ్య, "పనిచేయదు."

ఆ దారినే పోతున్న నల్లమ్మ నక్కను చూసింది. ఆగకుండా, ఖాళీ వీపుతో కొండెక్కింది.

సగం చంపి వదిలిన శత్రువు నీ ఆయుధాన్ని నేర్చుకుని తిరిగొస్తాడు.