వంపు దాటాక

యాదగిరి ఉస్తాద్‌ని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. గుర్రం ఎక్కించి చెప్తారు. ఆయన దగ్గర జాకీ పని నేర్చుకునే పిల్లలందరికీ ఇది తెలుసు. అందుకే మరీ తప్పనిసరైతే తప్ప ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు.

నవనీతకి ఆ రోజు తప్పలేదు. చీకటితో లేచి రేసుకోర్సుకి రావడం, గుర్రాలతో పని అయ్యాక ఒంటికి పట్టిన లాయం వాసన వదలకముందే బడికి పరిగెత్తడం. ఇది పదో తరగతి. లెక్కల క్లాసులో నిద్రపోయి బెంచీ మీద నుంచి జారిపడింది. అదే వారంలో గుర్రం మీద కూర్చుని మనసులో సూత్రాలు వల్లె వేసుకుంటూ మలుపు సరిగ్గా తిప్పలేకపోయింది. "రెండు దిక్కులా తడబడుతున్నవ్" అన్నారు టీచరమ్మ. నాన్నేమో, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోళ్ళు ఏ ఒడ్డుకీ చేరలేదు" అన్నాడు. పరీక్ష రాస్తుందో మానేస్తుందో సోమవారం బళ్ళో చెప్పెయ్యాలి.

"బడి మానేస్తా ఉస్తాద్. నా పాణమంతా గుర్రాల మీదనే ఉంది. రెండు పడవల మీద కాళ్ళెందుకు? మీరు సరే అంటే నాన్న కూడా ఒప్పుకుంటడు."

ఉస్తాద్ గుర్రం మెడ నిమురుతూ, "పడవల ముచ్చట నాకెర్క లేదు బిడ్డా" అన్నారు. "చిట్టిని ఎక్కు. ఇమ్రాన్‌తో కలిసి ఒక్క చుట్టు ఉరికించు."

చిట్టి అంటే ఎర్రటి ఆడగుర్రం. రేసు పుస్తకంలో దానికి బారెడు ఇంగ్లీషు పేరు ఉంది గానీ లాయంలో ఆ పేరుతో పిలిస్తే అది తలెత్తి కూడా చూడదు.

మలుపు దాకా నవనీతే ముందుంది. వంపు తిరిగి గుర్రాలు తిన్నని దారిలోకి వచ్చాయి. అక్కడ చిట్టి భుజం ఒక్కసారి కిందికి దిగినట్టయింది. కుదుపు. తడబడింది, పడిపోతుంది అనుకుని నవనీత పగ్గాలు గట్టిగా గుంజి పట్టింది. గుర్రం పడలేదు. కానీ అక్కణ్ణించి దాని ఉరుకులో ప్రాణం లేదు. వెనక నుంచి, ఆమెతోపాటే జాకీ పని నేర్చుకునే ఇమ్రాన్ తన గుర్రం మీద వచ్చి పక్కనే దూసుకుపోతూ, "టెన్త్ మేడమూ! హాజరు పలికి రా, నేను పోతున్న!" అని అరిచాడు.

దిగేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు. "మంచిగనే ఉరికింది ఉస్తాద్. వంపు దాటంగనే తడబడింది. నేను పట్టుకోకుంటే పడుతుండె."

ఉస్తాద్ వంగి చిట్టి ముందుకాలు ఒకటి చేత్తో తడిమారు. "వంపులో ఇది ఈ కాలు ముందేసి ఉరుకుతది. బరువంతా దీని మీదనే. తిన్నటి దారికి వచ్చినంక రెండో కాలు ముందుకు తెస్తది, అలిసిన కాలుకు జర ఆసరా దొరకాలె కదా. కాలు మార్చేటప్పుడు కుదుపు ఉంటది. మీద కూసున్నోళ్ళకు పడిపోతున్నట్టే అనిపిస్తది."

"అంటే... తడబడలేదా?"

"కాలు మార్చుకుంటున్నది. నువ్వే మార్చుకోనియ్యలే."

అంతే అన్నారు. బడి సంగతి ఆమె అడగలేదు, ఆయన ఎత్తలేదు. నవనీత మాత్రం సిగ్గుతో చిట్టిని చాలాసేపు నడిపించి, అది చల్లబడ్డాక, దాని చెవి దగ్గర ఏదో గొణిగింది. క్షమించమనో ఏమో.

సోమవారం పొద్దున మళ్ళీ అదే గుర్రం, అదే ఇమ్రాన్. "అటెండెన్స్ వేయించుకున్నవా మేడమ్?" అని పళ్ళికిలించాడు. నవనీత చిట్టిని ఉరికించింది. వంపు తిరిగింది. కుదుపు వచ్చింది. ఒళ్ళంతా పగ్గాలు గుంజమంటోంది. పళ్ళు బిగపట్టి, చేతులు మెత్తగా ఉంచింది. ఒక్క క్షణం కింద నేల లేనట్టే ఉంది. ఆ తర్వాత చిట్టి రెండో కాలు ముందేసి, అప్పుడే లాయంలోంచి వచ్చిన గుర్రంలా లేచింది. చివర్లో ఎవరు ముందో చెప్పలేనంత దగ్గరగా వచ్చాయి రెండు గుర్రాలూ. ఇమ్రాన్ నేనే అన్నాడు. నవనీత వాదించలేదు. నవ్వుతోంది.

గుర్రం దిగి ఉస్తాద్ దగ్గరికి వచ్చాక ఆ నవ్వు మెల్లగా పోయింది. గేటు బయట బడి పిల్లల ఆటో హారన్ కొడుతోంది. ఈ రోజే చెప్పాలి. బూట్లకి ఇంకా మట్టి ఉంది, సంచిలో యూనిఫామ్ ఉంది. చదవని పాఠాలు ఎన్నున్నాయో లెక్కే లేదు.

"ఉస్తాద్, ఇక్కడి నుంచి బడికి పోయిన ప్రతిసారీ పడిపోతున్నట్టే ఉంటది నాకు."

ఉస్తాద్ ఆమె చేతిలోంచి చిట్టి పగ్గాలు తీసుకున్నారు.

"ఉంటది బిడ్డా. గుంజి పట్టకు. పో, ఆటో పోతది."