వస్తానన్న మాట పట్టుకున్న నేల

ఒకప్పుడు నేలంతా ఒకటే రంగు, బూడిద రంగు. వానయ్య అప్పట్లో ఇక్కడే ఉండేవాడు. రోజూ కాసింత కురిసి పోయేవాడు. రోజూ దొరికే నీళ్లని దాచుకునే పని ఎవరికుంటుంది? నీళ్లు పైన పడేవి, పైపైనే పారిపోయేవి.

ఆ నేల ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దామె పల్లంలో ఉండేది. నడిపామె గుట్టల పక్కన, చిన్నామె ఏటి ఒడ్డున. ముగ్గురి దగ్గరా సేద్యం చేసేది ఓబులమ్మే.

ఓబులమ్మకి మొగుడు లేడు. ఒక పొద్దున "పోతున్నా" అని గొర్రెల వెంట పోయాడు. పోయాడు, అంతే. ఆమె ఏడ్చింది, మొహం కడుక్కుంది, పార తీసుకుని చేనికి నడిచింది. కానీ పోతున్నా అనే మాట మాత్రం ఆమె ముందు ఎవరూ అనకూడదు.

ఒకరోజు వానయ్య వచ్చి, "ఓబులక్కా, మా అమ్మ సముద్రం కబురు పంపింది. పోతున్నా" అన్నాడు.

ఓబులమ్మ పార కింద పెట్టింది. "అదేం మాట? మా ఇళ్లల్లో అట్లా అనరు. వస్తా అనాలి."

"పోయేవాడు వస్తా అంటే అబద్ధం కాదా అక్కా?"

"కాదు, మర్యాద. అని కదులు."

వానయ్య తల గోక్కున్నాడు. "సరే, వస్తా" అన్నాడు. పోతూ పోతూ తొమ్మిది రోజులు ఏకధాటిగా కురిశాడు. "ఇవి పెట్టుకోండమ్మా, నేను లేనప్పుడు పనికొస్తాయి" అని ముగ్గురికీ చెప్పాడు.

చిన్నామె ఒళ్లు దులుపుకుంది. "ఇంత బరువు నేను మొయ్యలేను" అని గింజ గింజగా విడిపోయింది. నీళ్లన్నీ సందుల్లోంచి జారి అడుక్కి దిగిపోయాయి.

నడిపామె కొంచెం తాగింది, మిగతాది వదిలేసింది. "నాకు ఊపిరాడొద్దా?" అంది.

పెద్దామెకి మనుషుల మర్యాదలు తెలీవు. నేలకి ఎవరు నేర్పారని? వస్తా అంటే వస్తాడనే అనుకుంది. "వచ్చేదాకా పెట్టుకోమన్నాడు. ఒక్క చుక్క కూడా వదలను" అని పిండికంటే మెత్తగా నూరుకుంది, జిగురు చేసుకుంది, నీళ్లని గట్టిగా పట్టేసింది. ఆ తడిలో నాని నాని నల్లబడింది.

నడిపామె పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ మొహం ఎర్రబడింది, ఆ ఎరుపు ఇంక పోలేదు. "ఏమే అక్కా, అన్ని నీళ్లు కడుపులో దాచి ఎవరి పెళ్లికి వండుతావు?"

"నవ్వుకో. మాట విన్నది నేను" అంది పెద్దామె.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. వానయ్య జాడ లేదు. ఓబులమ్మ ఇంట్లో ఒక్క చేటెడు జొన్న విత్తనం మిగిలింది. అవి మొలవకపోతే తినడానికి సంగటీ లేదు, మళ్లీ చల్లడానికి విత్తనమూ లేదు.

చేట పట్టుకుని ఏటి ఒడ్డుకి పోయింది. "పంట నా వల్ల కాదక్కా" అంది చిన్నామె. "మోచేతి లోతు తవ్వుకో, తాగడానికి తియ్యటి నీళ్లు ఇస్తా." ఓబులమ్మ తవ్వుకుని కడుపునిండా తాగింది.

గుట్టల పక్కకి పోయింది. "వాన పడే రోజుల్లో రా" అంది నడిపామె. "శనక్కాయ వేస్తే బుడ్డలు గుత్తులు గుత్తులు కాయిస్తా. ఇప్పుడు నా దగ్గర గుక్కెడే ఉంది."

చివరికి పల్లానికి దిగింది. పెద్దామె దగ్గర నీళ్లున్నాయి, కానీ ఒప్పుకోలేదు. "అవి వానయ్యవి. ఆయన వచ్చాక చూపించాలి."

ఓబులమ్మ గట్టు మీద కూర్చుంది. "ఆయన రాడే. అది మర్యాదకి అన్న మాట. నేనే అనిపించాను."

"అబద్ధం చెప్పించావా?"

"చెప్పించా. మా ఇంటాయన పోతున్నా అని నిజమే చెప్పి పోయాడు. ఆ నిజంతో నేనేం చేసుకోను?"

పెద్దామె అంది, "మర్యాదో గిర్యాదో, నాకు వస్తా అనే వినపడింది. అన్నాక అది మాటే. ఆయన వస్తాడు. వచ్చినవాడికి దాచిన నీళ్లు చూపించడమెందుకు, పంటే చూపిస్తా. విత్తు."

ఓబులమ్మ విత్తింది. ఒక్క చినుకు పడలేదు. అయినా పెద్దామె దాచిన తడితోనే జొన్న మొలిచింది, మనిషెత్తు లేచింది, పిడికిలంత కంకులేసింది. నెత్తిన కంకుల గంప పెట్టుకుని ఓబులమ్మ నడిపామె ముందునుంచే నడిచింది. దగ్గరి దారి వేరే ఉంది. అయినా నవ్వినామె ముందునుంచే నడిచింది.

ఎండాకాలం వచ్చేసరికి పెద్దామె దగ్గర చుక్క మిగల్లేదు. ఒళ్లంతా నెర్రెలిచ్చింది. చెయ్యి పెడితే భుజందాకా దిగేంత నెర్రెలు.

"ఏమే అక్కా, నోరు తెరిచి అడుక్కుంటున్నావా?" అంది నడిపామె.

"అడుక్కోవడం కాదే. చుట్టం వచ్చే వేళయింది. తలుపులు తీసి పెట్టా."

ఆ మాట గాలి విన్నది, పోయి సముద్రం ఒడ్డున చెప్పింది. వానయ్యకి సిగ్గేసింది. ఏదో మర్యాదకి అంటే, ఒక ఇల్లాలు తలుపులు తీసి కూర్చుందే అనుకున్నాడు. మబ్బులన్నీ మూటగట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. నీళ్లు నెర్రెల్లోంచి అడుగుదాకా దిగాయి. పెద్దామె తాగింది, ఉబ్బింది, తలుపులు మూసుకుంది.

"వచ్చావా?" అంది.

"వచ్చా. ఇంక ఏటా వస్తా."

ఓబులమ్మ కొంగు నెత్తిన వేసుకుని వానలోనే నిలబడింది. "ఆ మాట నేర్పింది నేను" అని ముగ్గురికీ వినపడేట్టు చెప్పింది.

అప్పటినుంచే ఇసుక నీళ్లని కిందికి జార్చి చెలమలో దాస్తుంది. ఎర్రనేల కొంచెం తాగి మిగతాది వదిలేస్తుంది. నల్లరేగడి నీళ్లని పట్టి చలికాలం జొన్నని వాన లేకుండా పండిస్తుంది, ఎండాకాలం తలుపులు తీసి చూస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఎవరైనా చేలోంచి పోబోతే కాళ్లు పట్టుకుని వదలదు. మీ చెప్పు అందులో ఇరుక్కుంటే తిట్టకండి. వస్తా అని చెప్పి, అప్పుడు కాలు తీయండి.