పలుకు రాని గడప

అన్యాయం జరిగింది పీరమ్మకు, దర్గా ఉరుసుకు ముందు గురువారం. చేసినవాడు దొంగా కాదు, దుర్మార్గుడూ కాదు. జలీల్ బాబా శిష్యుడు ఖాజావలి. తెలివైనవాడు, అదే వచ్చిన చిక్కు.

ప్రతి గురువారం జోలె పట్టుకుని ఇంటింటి ముందూ నిలబడడం ఆ దర్గాలో శిష్యుడి పని. గుప్పెడు బియ్యం వేస్తారు. సాయంత్రం వండి లేనివాళ్లకు పెడతారు. నియమం ఒకటే. లోపలి నుంచి పలుకు వినకుండా గడప వదలకూడదు. "లేదు పో" అని కసిరినా సరే, అదీ పలుకే.

ఖాజావలికి ఇది నామోషీ అయింది. ఊరందరి ఫోన్లకూ డబ్బులు వేసే స్కానర్ బొమ్మ పంపాడు. పీరమ్మలాంటి ఒంటరి ముసలమ్మలకు దగ్గర కూర్చుని నొక్కడం నేర్పాడు. జోలె మేకుకు వేలాడింది. వచ్చిన డబ్బుతో బియ్యం బస్తాల్లో దిగింది.

"కాలు కదపకుండానే అందరూ ఇస్తున్నారు బాబా," అన్నాడు ఆ గురువారం మురిసిపోతూ.

"పీరమ్మ ఇచ్చిందా?"

ఫోన్ చూశాడు. "ఈ వారం లేదు బాబా."

"ఎందుకివ్వలేదో చూడు."

వేలితో పైకీ కిందికీ జరిపాడు. "అది ఇందులో కనపడదు బాబా."

బాబా లేచి, జోలె తీసి భుజాన వేసుకున్నాడు. ఖాజావలి వెనకాలే నడిచాడు.

పీరమ్మ తలుపు దగ్గరకు వేసి ఉంది. బాబా పిలిచాడు. పలుకు లేదు.

"కూతురింటికి పోయినట్టుందే," అంది పక్కింటామె, చేతిలోని ఫోన్ మీంచి తలెత్తకుండా.

"పోదాం బాబా," అన్నాడు ఖాజావలి.

బాబా కదల్లేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ.

లోపల గిన్నె నేలకు కొట్టిన చప్పుడు.

ఖాజావలి తలుపు తోసుకుని పోయాడు. పొయ్యి పక్కన పడి ఉంది పీరమ్మ. మంగళవారం జారిపడి తుంటి విరిగింది. పెదాలు ఎండి అట్టకట్టాయి. నీళ్లు పట్టాక గొంతు లేచింది.

"ఏమబ్బీ, ఇప్పటికి తీరిందా? గురువారం వస్తాడు గదా అని పాణం పట్టుకోనుంటి. నువ్వు రావడం మానుకుంటివని నడుమ గుర్తొచ్చె."

"ఫోన్ చేయకపోయినావా అవ్వా?"

"అదిగో, గూట్లో కూచోనుండాది మారాజు మాదిరి. దిగి వస్తాదా నా దగ్గరికి?"

ఆటో వచ్చింది. పక్కింటామె ఫోన్ బొడ్లో దోపుకుని, పీరమ్మ తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి పోయింది.

ఖాజావలి గడప మీద కూలబడ్డాడు.

బాబా జోలె తీసి అతని ఒళ్లో పెట్టాడు.

"లెయ్. వీధి ఇంకా ఉంది."