పని అడిగే సానమ్మ

తుమ్మలపాడు వాగు దాటి రాళ్లదారిన గుట్ట పైకి వస్తే సానమ్మ గుడి కనబడుతుంది. గుడిలో విగ్రహం లేదు. నడుమ గుంట పడిన నల్లని సానరాయికే పసుపు పూసి, బొట్టు పెట్టి పూజ చేస్తారు. ద్వారబంధానికి ఒక ఇనుప గరిటె వేలాడుతుంది. దాని అంచు కత్తిలా కోస్తుంది, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. అమ్మవారి గుడికి గరిటె ఏమిటని కొత్తవాళ్లు అడుగుతారు. దాని కథ ఇది.

పూర్వం ఇక్కడ కనకాచారి అనే కమ్మరి కొలిమి ఉండేది. ఒక ఏడు జబ్బు చేసి ఆయన కుడిచెయ్యి పడిపోయింది, మంచం పట్టాడు. భార్య మౌనమ్మ పనిలో కూర్చుంది. ఆమె చెయ్యి మంచిదే గాని నోరు పెగలదు. పరాయి మనిషి ఎదురైతే తల నేలకు వాలిపోయేది. ఎవరు ఏ పనిముట్టు అరుగు మీద పెట్టినా, ఇది దేనికని అడగకుండానే అన్నిటినీ మంగలి కత్తిలా పల్చగా నూరి ఇచ్చేది. పదునంటే పదునే కదా అనుకునేది.

అలా నూరిన గొడ్డలి చింతమొద్దు మీద పడగానే అంచు విరిగి, ఆ ముక్క కట్టెలు కొట్టేవాడి పిక్కలో దిగింది. ఆ వెనకే వరికోతలు వచ్చాయి. కొడవళ్లకు ఉండాల్సిన కక్కు, అంటే రంపంలాంటి పళ్లు, మౌనమ్మ నూరుడుకి అరిగిపోయాయి. గడ్డి మీద కొడవలి జారిపోతోంది. తూర్పున మబ్బు లేచింది.

పెద్దకాపు గుర్విరెడ్డి కొడవలి తెచ్చి అరుగు మీద పడేశాడు.

"ఇది కొడవలా, అద్దమా మౌనమ్మా? మొహం చూసుకోడానికి బాగుంది గాని వరి తెగదే! రేపటికి బాగు కాకపోతే పొరుగూరి కమ్మరిని తెచ్చి ఇక్కడ కూర్చోబెడతాం. ఏమీ అనుకోకు."

 కొలిమి పోతే కళ్లంలో తమకిచ్చే గింజలు పోతాయి, మంచాన ఉన్న మనిషికి గంజి కూడా ఉండదు. ఆయన వెళ్లాక మౌనమ్మ ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ వచ్చి కొంగులో చుట్టినదేదో చేతికిచ్చి, సాన పెట్టమంది. మౌనమ్మ మారు మాట లేకుండా నూరడం మొదలుపెట్టింది. ముసలమ్మ పకపకా నవ్వింది.

"గరిటె కదే పిల్లా నేనిచ్చింది! పులుసు కలిపేదానికి పదునెందుకు? ఒక్క మాట అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలతాయా? వాగు మలుపులో బోర్లా పడి ఉన్నాను. తెచ్చుకో. ఇక మీద అడిగి నూరు."

మెలకువ వచ్చేసరికి చేతిలో తన ఇంటి గరిటే ఉంది, అంచు తళతళలాడుతూ.  వాగుకు పరుగెత్తి, మలుపులో దొరికిన నల్లరాయిని నెత్తిన పెట్టుకుని వచ్చింది. అప్పటికి గుర్విరెడ్డి మళ్లీ అరుగు దగ్గరికి వచ్చాడు. ఆమె ఆయన కొడవలి చేతిలోకి తీసుకుంది. 

"ఇది... ఏం పనికి మామా?"

"ఓసినీ! నీకు నోరుందా!" అన్నాడాయన. "వరికే తల్లీ. గడ్డిని పట్టుకోవాలి, జారకూడదు."

లోపల మంచం మీద కనకాచారి, "అదీ అడగాల్సిన మాట!" అని కేక వేశాడు.

మౌనమ్మ ఉలి పట్టి కక్కు కొట్టి, ఆ రాయి మీద ఒక్క పక్కే తేలిగ్గా రుద్ది ఇచ్చింది. ఒకరి వెనక ఒకరు వచ్చారు. ప్రతివాళ్లనూ అడిగింది. గొడ్డలికి అంచు మందంగా ఉంచింది, కల్లు గీసే కత్తికి పల్చగా తీసింది. చినుకు పడేలోపు వరి కళ్లానికి చేరింది. కొలిమి ఎక్కడికీ పోలేదు. ఆ రాయే సానమ్మ అయింది.

ఇప్పటికీ పూజారిగా ఆ ఇంటి ఆడవాళ్లే ఉంటారు. భక్తులు తెచ్చిన కత్తినో కత్తిపీటనో చేతిలోకి తీసుకుని, "ఏం పనికి?" అని అడుగుతారు. పదిమందికీ వినబడేలా చెబితేనే అమ్మవారి రాయి మీద రుద్ది ఇస్తారు. అలా పదును పెట్టిన పనిముట్టు చెయ్యి కోయదని నమ్మకం. నోరు విప్పని పిల్లలను, అత్తవారింట బెదురుగా ఉండే కొత్తకోడళ్లను కూడా తీసుకువస్తారు. వాళ్లు ఏం పనికో చెప్పేదాకా పూజారమ్మ ఓపిగ్గా ఆగుతుంది.

ఎప్పుడైనా ఒకరు పగతో కత్తి పట్టుకుని వస్తారు. వాళ్లనూ అదే మాట అడుగుతారు. అమ్మవారి ఎదుట ఆ పని పేరు నోటికి రాదు. కత్తిని మొద్దుగానే వెనక్కి తీసుకుని గుట్ట దిగిపోతారు.