మంత్రిగారి తులాభారం

మొగలిదుర్గం ఏలే వీరభూపతికి ఆ ఏడు ఓ కొత్త బుద్ధి పుట్టింది. కూతురి పుట్టినరోజు ఘనంగా జరగాలి, ఖజానాలోంచి గవ్వ కదలకూడదు.

కదలడానికి అక్కడ గవ్వ ఉంటే కదా! నిరుడే వేడుకల మంత్రి ఓబుళరాయుడు ఖజానాను శుభ్రంగా ఊడ్చిపెట్టాడు. ఏనుగులట, బాణసంచా అట, రాజుగారి బిరుదులు చదివే వందిమాగధులట. బిరుదులు సగం కాకముందే పిల్లలు ఆకలితో నిద్రపోయారు. ముందు ఏనుగెక్కింది మంత్రి కాబట్టి, పుట్టినరోజు ఆయనదేననుకుని పొరుగూరి వాళ్లు ఆయన నెత్తినే అక్షింతలు వేసి వెళ్లారు.

ఇక రాకుమారి సూరాంబకు పన్నెండో ఏడు వస్తోంది. చిన్నపిల్లవంటే అలుగుతుంది. మరి పెద్దదానివే కదా, వీణ సాధన చెయ్యమంటే ఏడుస్తుంది. బొమ్మలు అటకెక్కించింది. నవ్వడం కూడా చిన్నపిల్లల పనేనని తేల్చేసింది.

ఆ దెబ్బ నేరుగా గురవికి తగిలింది. రాకుమారికి కథలు చెప్పడమే ఆమె కొలువు. కథలు వద్దనే పిల్ల దగ్గర కథలు చెప్పేదానికి పనేముంది?

ఆ మాటే మంత్రి నిండుసభలో అన్నాడు. “పొదుపుకు దారుంది ప్రభూ. గురవి తినే బియ్యం ఆపితే మేళగాళ్లనైనా పిలవొచ్చు.”

గురవికి గుండె జారింది. నోరు మాత్రం జారలేదు.

“నా బియ్యం తర్వాత ఆపుదురుగాని ప్రభూ. ఈ వేడుక నాకొదిలెయ్యండి. ఖర్చు లేకుండా చేస్తాను.”

“చెయ్యి. మా అమ్మాయి నవ్విందా, కొలువు నీది. నవ్వలేదా, మూట కట్టుకో.”

గురవి తిన్నగా మంత్రి ఇంటికెళ్లింది. పాపం, ఆ ఇంటి కరువు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాల్సిందే! పెరట్లో మామిడికొమ్మలు కాయలు మొయ్యలేక నేలకు వాలాయి. వంటింట్లో బూరెలు వేగుతున్నాయి.

“అయ్యగారూ, తులాభారం పెడదామనుకున్నా. అమ్మాయిగారేమో, నన్ను పసిపిల్లలా తూస్తారా అని మండిపడ్డారు. ఇక ఈ రాజ్యంలో అంతటి యోగ్యులు...” అని ఆగి, ఆయన్ని పైనుంచి కిందిదాకా భక్తిగా చూసింది.

ఓబుళరాయుడు మీసం సర్దుకున్నాడు. “ఎదుటి తట్టలో ఏం పెడతావే?”

“ఈ రాజ్యంలో ప్రభువులకు అన్నిటికన్నా విలువైనది.”

అయితే రాజుగారు బంగారమేదో దాచారన్నమాట! లోకంలో తులాభారంలో తూచింది దానం చేస్తారు. మంత్రిగారి లోకం వేరు. “తూచినదంతా మా ఇంటికే చేరాలి” అని మర్నాడు సభలో మాట తీసుకున్నాడు. తన దగ్గరేమీ లేదని తెలుసు గనక రాజుగారు ధైర్యంగా మాటిచ్చేశారు.

పుట్టినరోజు రానేవచ్చింది. ధాన్యపు కొట్టు ముందు బస్తాలు తూచే పెద్ద త్రాసుకు మామిడాకులు కట్టారు. మంత్రి పట్టుబట్టల్లో వచ్చి తట్టలో మఠం వేశాడు. తట్ట నేలకానింది.

గురవి చప్పట్లు కొట్టింది. సేనాపతి పిల్లలు, వంటవాళ్ల పిల్లలు, కాపలావాళ్ల పిల్లలు కొట్టు వెనకనుంచి బిలబిలా పరుగెత్తుకొచ్చారు.

“మంత్రిగారిని పైకి లేపడానికి ఎంతమంది కావాలి? కాయండి పందెం!”

“నేనొక్కడినెక్కితే చాలు!”

“నీ మొహం, పొద్దున చద్దన్నమైనా తిన్నావా?”

ఒకరి మీద ఒకరు ఎదుటి తట్టలోకి ఎగబాకారు. 

“ఏమే గురవీ, బంగారమేదీ?”

“వస్తోందయ్యా, ఒక్కొక్కటే వస్తోంది.”

పిల్లలందరూ ఎక్కేశారు. మంత్రి కూర్చున్న తట్ట కదిలీ కదలనట్టు ఊగి ఆగింది. సూరాంబ దూరంగా చేతులు కట్టుకుని, చూడనట్టే చూస్తోంది.

“ఇంకొక్కరుంటే లేచేవారే” అని గురవి గట్టిగా నిట్టూర్చింది. “పోనీలెండర్రా, అమ్మాయిగారు పెద్దవారు. ఎక్కరు.”

“పెద్దవాళ్లు ఎక్కకూడదని ఎవరన్నారు?” సూరాంబ పరికిణీ ఎగగట్టి ఒక్క దూకు దూకింది.

మంత్రి గాల్లోకి లేచాడు. తలపాగా ఊడి కిందపడింది, కాళ్లు తట్ట అంచున వేలాడాయి. సూరాంబ కడుపు పట్టుకుని నవ్వింది. ఎక్కిళ్లొచ్చినా ఆగలేదు.

“ప్రభూ! విలువైనదని గురవి చెప్పింది, ఈ కోతిమూకా?” అని అరిచాడు మంత్రి.

“మా అమ్మాయి కూడా అందులోనే ఉందయ్యా” అన్నారు రాజుగారు. “అంతకన్నా విలువైనది నాకేముంది?”

“చిత్తం, చిత్తం. తూకం అయింది కదా, వీళ్లని ఇళ్లకు పంపెయ్యండి!”

గురవి వినయంగా చేతులు జోడించింది.

“ఇళ్లకెందుకయ్యా? తూచినదంతా మీ ఇంటికే చేరాలన్నారుగా. బండి కూడా అక్కర్లేదు, వీటికి కాళ్లున్నాయి, మీ వంటింట్లో బూరెలున్నాయి.”

“బూరెలు!” అంటూ పిల్లలంతా ఒక్కసారే దూకారు. మంత్రిగారి తట్ట ధబ్బున నేలకు దిగింది. ఆ చప్పుడుకు అక్కడున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. రాజుగారు నవ్వుతూనే చేతి కంకణం తీసి గురవికి తొడిగారు.

అందరికన్నా ముందు పరుగెత్తుతున్న సూరాంబ వెనక్కి తిరిగి కేకేసింది. “గురవక్కా, నువ్వూ రా! మామిడికొమ్మ మీద కూర్చుందాం. కథ చెప్పాలి, మంత్రి ఉన్న కథ!”